రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సుల చిట్టా, దాని వలసలు

సాఫ్ట్‌వేర్ కొన్నవారికి దక్కేది దానిని వాడుకొనే అనుమతి మాత్రమే. ఆ అనుమతినే లైసెన్సు అంటారు. అది మామూలుగా ఒప్పందపు కాగితంలోనో, పెట్టె మీద అతికించిన సంకేతాక్షరాల్లోనో ఉంటుంది కాబట్టి కంప్యూటర్ పాడైనా, దాని స్థానంలో కొత్తది తెచ్చుకొన్నా అనుమతికి లోటు రాదు. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్‌ను దూరం నుంచి వాడుకొనేందుకు కొనే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు మాత్రం 2000వ సంవత్సరం నుంచి వేరే దారి పట్టింది. ఎన్ని లైసెన్సులు కొన్నారో, వాటిలో ఏది ఏ యంత్రానికి జారీ అయిందో రాసిపెట్టే చిట్టా ఒకటి కొన్నవారి కార్యాలయంలోనే, ఒకానొక సర్వర్ డిస్కు మీద ఉండటం మొదలైంది. అప్పటి నుంచి ఆ సర్వర్‌ను మార్చిన ప్రతిసారీ, డబ్బు పోసి కొనుక్కొన్న హక్కును కూడా మూటగట్టి పాత చోటి నుంచి కొత్త చోటికి చేర్చవలసి వస్తోంది. సర్వర్ నిర్వాహకులు ఈ పనిని లైసెన్సుల మైగ్రేషన్ అంటారు. తెలుగునాట భూమి కొన్న రైతు చేతికి రిజిస్ట్రేషన్ దస్తావేజు వచ్చినా, రెవెన్యూ రికార్డులో పేరు మారేదాకా, అంటే మ్యుటేషన్ జరిగేదాకా, నిశ్చింతగా నిద్రపోలేడు. దస్తావేజుకూ రికార్డుకూ మధ్య ఉన్న అలాంటి ఎడమే ఈ లైసెన్సుల చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. చిట్టాను ఎవరు రాయాలి, ఎక్కడ ఉంచాలి, దానిలోని రాతను ఎవరు నమ్మాలి అన్న ప్రశ్నలే పాతికేళ్లుగా ఈ వ్యవస్థను మలుస్తూ వచ్చాయి.

ఒక పెద్ద కంప్యూటర్‌ను అనేకులు తమ తమ బల్లల దగ్గర నుంచి ఒకేసారి పంచుకోవడమన్నది విండోస్ కంటే చాలా పాత ఆలోచన. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో బృందం ప్రదర్శించిన కాలవిభజన పద్ధతి, ఒకే యంత్రపు సమయాన్ని చిన్న చిన్న తునకలుగా కోసి పలువురికి పంచిపెట్టి, ఎవరికి వారికి యంత్రం పూర్తిగా తమదేనన్న భావన కలిగించింది. 1980ల్లో పర్సనల్ కంప్యూటర్ బల్లల మీదికి వచ్చాక ఈ పద్ధతి కొంతకాలం వెనకబడింది; ఒక మనిషికి ఒక యంత్రం, ఆ యంత్రానికి ఒక సాఫ్ట్‌వేర్ ప్రతి అన్న లెక్క అమ్మేవారికీ కొనేవారికీ సులువుగా అర్థమైంది. ఈ లెక్కను మళ్లీ కదిలించినవాడు ఐబీఎంలో ఓఎస్/2 నిర్వాహక వ్యవస్థ రూపకల్పనకు నాయకత్వం వహించిన ఎడ్ యాకోబుచ్చి. ఆయన 1989లో స్థాపించిన సిట్రిక్స్ సంస్థ మొదట ఓఎస్/2 మీద అనేకులు పనిచేసే ఏర్పాటు చేసి, ఆ వ్యవస్థను మైక్రోసాఫ్ట్ వదులుకొన్నాక విండోస్ ఎన్‌టీ వైపు తిరిగింది.

ఒక సమయంలో ఒక్కరే తెర ముందు కూర్చొని పనిచేస్తారన్న ఊహతో ఎన్‌టీ తయారైంది. మైక్రోసాఫ్ట్ నుంచి ఎన్‌టీ మూలసంకేతాన్ని అనుమతితో తీసుకొన్న సిట్రిక్స్, మల్టీవిన్ అనే మార్పులతో ఒక్కో వాడుకరికి ఒక్కో సెషన్, అంటే ఇతరుల పనితో కలవకుండా నడిచే వేరు కొలువు, ఏర్పరచి 1995లో విన్‌ఫ్రేమ్ పేరుతో అమ్మకానికి పెట్టింది. దీనిలో ప్రోగ్రాము నడిచేది సర్వర్ మీద. వాడుకరి బల్ల మీదికి వచ్చేది తెర బొమ్మ, అక్కడి నుంచి వెళ్లేవి కీబోర్డు మౌసుల కదలికలు. పాతబడిన కంప్యూటర్లలోనూ, నెమ్మదైన టెలిఫోన్ లైన్ల మీదా కొత్త ప్రోగ్రాములు నడిపించగల ఈ పద్ధతికి గిరాకీ పెరిగిన తరుణంలో, 1997 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇటువంటి సాంకేతికతను సొంతంగా తయారుచేసుకొనే ఆలోచనలో ఉన్నట్టు తెలియజేయడంతో సిట్రిక్స్ షేరు ధర ఘోరంగా పడిపోయింది. అదే ఏడాది మే నెలలో రెండు సంస్థలకూ అయిదేళ్ల ఒప్పందం కుదిరింది. మల్టీవిన్‌ను వాడుకొన్నందుకు మైక్రోసాఫ్ట్ ముందుగా 7.5 కోట్ల డాలర్లు, ఆపై 10 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకొంది. ఆ ఒప్పందపు ఫలమే 1998 జూన్‌లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్. తయారీ దశలో దానికి హైడ్రా అని మారుపేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో హైడ్రా ఒకే దేహానికి అనేక తలలున్న జలసర్పం. లైసెన్సుల కథలో ఈ పేరు పద్నాలుగేళ్ల తరువాత, ఎవరూ ఊహించని చోట, మళ్లీ వినబడుతుంది.

టెర్మినల్ సర్వర్ అమ్మేవారికి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. యాభై మంది ఒకే సర్వర్ మీద విండోస్ తెరను చూస్తూ పనిచేస్తే, వారి బల్లల మీద విండోస్ ప్రతి ఉండవలసిన అవసరమే లేదు. అమ్ముడుపోవలసిన యాభై డెస్క్‌టాప్ ప్రతులకు బదులు ఒక్క సర్వర్ ప్రతి సరిపోతే వ్యాపారం నిలవదు కనుక, ఎన్‌టీ టెర్మినల్ సర్వర్‌ను చేరే ప్రతి సీటుకూ సర్వర్‌ను వాడుకొనే సాధారణ లైసెన్సుతోపాటు ఎన్‌టీ వర్క్‌స్టేషన్ లైసెన్సు కూడా ఉండాలన్న నియమం పెట్టారు. సర్వర్‌ను చేరే హక్కుకు క్లయింట్ యాక్సెస్ లైసెన్సు అని పేరు. నిర్వాహకుల వాడుకలో అది క్యాల్. క్యాల్ సర్వర్ మీద ఎక్కించే ప్రోగ్రాము కాదు కాబట్టి, ఎన్ని కొన్నారు, ఎంతమంది వాడుతున్నారు అన్న లెక్క అంతవరకు కొన్నవారి నిజాయితీకే వదిలేశారు.

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000 సర్వర్ ఈ లెక్కను యంత్రానికి అప్పగించింది. టెర్మినల్ సర్వీసెస్ ఇక ప్రత్యేక ఎడిషన్ కాకుండా సర్వర్‌లోనే ఒక భాగమైంది. నిర్వాహకులు సర్వర్‌ను సరిచూసుకోవడానికి ఏకకాలంలో రెండు సెషన్ల వరకు లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చు, ఉద్యోగులందరూ రోజువారీ పనికి వాడాలంటే మాత్రం టెర్మినల్ సర్వీసెస్ క్యాల్ తప్పనిసరి. వాటిని జారీ చేయడానికి లైసెన్సు సర్వర్ అనే కొత్త పాత్ర వచ్చింది. ఏదైనా కంప్యూటర్ టెర్మినల్ సర్వర్ తలుపు తట్టగానే, టెర్మినల్ సర్వర్ ముందుగా టోకెన్ ఉందా అని అడుగుతుంది. టోకెన్ అంటే ఆ కంప్యూటర్ పేరిట జారీ అయి, దానిలోనే దాచిన డిజిటల్ ధ్రువపత్రం. లేకపోతే లైసెన్సు సర్వర్‌ను సంప్రదించి ఒక టోకెన్ ఇప్పిస్తుంది. కొన్న లైసెన్సులు అయిపోతే 90 రోజుల తాత్కాలిక టోకెన్ ఇస్తారు, ఆ గడువు దాటాక తలుపు మూసుకుంటుంది. లైసెన్సు సర్వర్ సైతం తనంతట తాను నమ్మదగినది కాదు. మైక్రోసాఫ్ట్ నడిపే క్లియరింగ్‌హౌస్, అంటే అమ్మిన లైసెన్సులన్నిటి లెక్క ఉండే కేంద్ర కచేరీ, దానిని గుర్తించి ఒక ధ్రువపత్రం ఇస్తేనే అది శాశ్వత టోకెన్లు జారీ చేయగలదు. ఈ గుర్తింపునే యాక్టివేషన్ అన్నారు. గ్రామ లెక్క కరణం దగ్గర, దానికి ఆధారమైన అసలు లెక్క తాలూకా కచేరీలో ఉన్న పాతకాలపు ఏర్పాటుకు ఇది ఎంతో దగ్గరగా ఉంది. రెండు చిట్టాలూ సరిపోలినంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు, తేడా వస్తే మాత్రం కచేరీ మాటే చెల్లుతుంది.

తొలి రోజుల్లో ఈ చిట్టా నిర్దయగా పనిచేసింది. టెర్మినల్ సర్వర్ లాగిన్ తెరను ఎవరైనా ఊరికే తెరిచి చూసి మూసేసినా వారి కంప్యూటర్‌కు ఒక శాశ్వత టోకెన్ జారీ అయిపోయేది. పైగా ఆ కంప్యూటర్‌లో విండోస్‌ను తుడిచి మళ్లీ ఎక్కిస్తే టోకెన్ నశించేది, చిట్టాలో మాత్రం అది జారీ అయినట్టే మిగిలేది. అదే కంప్యూటర్ మళ్లీ వచ్చి అడిగితే కొత్త దాని కిందే లెక్క. డబ్బు చెల్లించిన లైసెన్సులు ఇలా ఒక్కొక్కటే గాలిలో కలిసిపోతుంటే, నిర్వాహకులు క్లియరింగ్‌హౌస్‌కు ఫోన్ చేసి తిరిగి ఇప్పించుకోవలసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ ఒక సవరణను విడిగా ఇచ్చి, తరువాత విండోస్ 2000 మూడో సర్వీస్ ప్యాక్‌లో కలిపింది. దాని ప్రకారం మొదటిసారి వచ్చిన కంప్యూటర్‌కు తాత్కాలిక టోకెనే దక్కుతుంది. వాడుకరి సరైన పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, మరోసారి వచ్చినప్పుడే శాశ్వత టోకెన్ దక్కుతుంది. శాశ్వతమన్న మాటకు కూడా హద్దు పెట్టి, ప్రతి టోకెన్‌కు 52 నుంచి 89 రోజుల మధ్య ఏదో ఒక గడువు నిర్ణయించారు. గడువుకు ఏడు రోజుల ముందు నుంచి వాడుకలో ఉన్న కంప్యూటర్ టోకెన్ పునరుద్ధరణ కోరుతుంది, వాడుకలో లేనిదాని టోకెన్ గడువు తీరగానే మళ్లీ కొట్టులోకి చేరుతుంది. ఈ సవరణ చూడటానికి చిన్నది. కాని పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం చిట్టాకు తనంతట తానే సాధ్యమైంది దీనితోనే కాబట్టి, ఈ వ్యవస్థ మొత్తంలో వాడేవారి కష్టం తెలుసుకొని చేసిన మొదటి మార్పుగా దీనిని గౌరవంతో గుర్తుంచుకోవాలి.

2003 ఏప్రిల్ 24న వచ్చిన విండోస్ సర్వర్ 2003 మరో గీతను చెరిపింది. అంతవరకు విండోస్ 2000 ప్రొఫెషనల్ ఉన్న డెస్క్‌టాప్‌కు, సర్వర్ కూడా విండోస్ 2000 అయితే, విడిగా టెర్మినల్ సర్వీసెస్ క్యాల్ అక్కరలేదు; కొన్న డెస్క్‌టాప్ లైసెన్సులోనే అది కలిసి ఉన్నట్టు లెక్క. 2003లో ఆ సౌకర్యం పోయింది. దానికి పరిహారంగా, ఆ ఏప్రిల్ 24 నాటికి విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ లైసెన్సు ఉన్నవారికి ఒక్కోదానికి ఒక్కో క్యాల్ ఉచితంగా ఇచ్చారు. దీనితోపాటే పరికరానికి ఒకటి చొప్పున ఇచ్చే క్యాల్ పక్కన, మనిషికి ఒకటి చొప్పున ఇచ్చే క్యాల్ కూడా వచ్చింది. ఒకే ఉద్యోగి ఆఫీసులో ఒక కంప్యూటర్, ఇంట్లో ఒకటి, ప్రయాణంలో ఒకటి వాడుతున్న కాలానికి రెండోదే సరిపోతుంది. విచిత్రమేమిటంటే మనిషి క్యాల్‌ను చిట్టా లెక్కించేది కాదు. లైసెన్సు సర్వర్ ఒకటి ఎక్కడో ఉందని తెలిస్తే చాలు, టెర్మినల్ సర్వర్ తలుపు తీసేది. అయిదేళ్ల తరువాత విండోస్ సర్వర్ 2008లో గాని డొమైన్ ఖాతాల, అంటే సంస్థ మొత్తానికి ఒకేచోట ఉంచే ఉద్యోగుల ఖాతాల, ఆధారంగా ఈ లెక్కను నమోదు చేయడం మొదలు కాలేదు. అప్పుడు కూడా అది నమోదే, అడ్డుకోవడం కాదు.

ఈ చిట్టా ఎక్కడ ఉండేదన్నది వలస చరిత్రకు కీలకం. లైసెన్సు సర్వర్ చేసే పని తేలిక, దానికి వేరుగా ఒక యంత్రం కేటాయించడం దండగ అనిపించేంత తేలిక. పైగా విండోస్ 2000 డొమైన్‌లో అది డొమైన్ కంట్రోలర్ మీదే, అంటే ఉద్యోగుల ఖాతాలనూ పాస్‌వర్డులనూ కాచే సర్వర్ మీదే ఉండవలసి వచ్చింది. సిస్టమ్32 ఫోల్డర్ లోపల ఎల్‌సర్వర్ అనే చిన్న ఫోల్డర్‌లో ఒక డేటాబేసు ఫైలుగా ఒదిగి ఉన్న చిట్టాను ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడనక్కరలేదు. సర్వర్ పాతబడి, దాని స్థానంలో కొత్త డొమైన్ కంట్రోలర్ వచ్చినప్పుడు ఖాతాలు తరలుతాయి, ఫైళ్లు తరలుతాయి, ప్రింటర్లు తరలుతాయి. మూలన ఉన్న చిట్టా సంగతి ఎవరికీ గుర్తుకురాదు. దాని ఫలితం వెంటనే కనిపించకపోవడం అసలు ప్రమాదం. పరికరాల పేరిట జారీ అయిన టోకెన్లు ఒక్కొక్కటి ఒక్కో గడువుతో బతికి ఉంటాయి కాబట్టి, పాత సర్వర్‌ను ఆపేసిన రోజున అందరూ యథాప్రకారం పనిచేస్తారు. కొన్ని వారాల తరువాత ఒక బల్ల, మరికొన్ని రోజులకు ఇంకో బల్ల ఆగిపోతుంది. ఈలోగా పాత యంత్రపు డిస్కును తుడిచేసి ఉంటారు. గడువులను చెదరగొట్టిన అదే దయగల సవరణ, మరచిపోయిన వలస విషయంలో మాత్రం కారణాన్నీ ఫలితాన్నీ విడదీసి, తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా చేసింది. కొత్త టెర్మినల్ సర్వర్‌కు ఇచ్చే ప్రారంభ గడువు విండోస్ 2000లో 90 రోజులు, 2003 నుంచి 120 రోజులు. లైసెన్సు సర్వర్ ఊసే లేకుండా నాలుగు నెలలు సాఫీగా నడిచి ఒక ఉదయం హఠాత్తుగా ఆగిపోయే సర్వర్ వెనుక ఉన్నదీ ఇటువంటి మరుపే.

అప్పటి మైగ్రేషన్ ప్రధానంగా టెలిఫోన్ పని. డేటాబేసు ఫైలును కాపీచేసి కొత్త సర్వర్‌లో పెడితే చాలదు. వేరే యంత్రం మీద తెరిచిన చిట్టాలో జారీ అయిన టోకెన్ల చరిత్ర కనిపిస్తుంది గాని, కొని ఇంకా జారీ చేయని లైసెన్సులు దానితోపాటు రావు. ఒకే చిట్టాను రెండు చోట్ల పెట్టి లైసెన్సులను రెట్టింపు చేసుకోకుండా వేసిన కట్టడి అది. అందువల్ల కొత్త సర్వర్‌లో లైసెన్సింగ్ పాత్రను ఏర్పరచి, యాక్టివేట్ చేసి, క్లియరింగ్‌హౌస్‌కు ఫోన్ చేసి, చిల్లరగా కొన్నవారైతే లైసెన్సు కార్డు మీది 25 అక్షరాల సంకేతాన్ని, టోకున కొన్నవారైతే ఒప్పందపు సంఖ్యను చెప్పి, పాత సర్వర్ ఎందుకు పోయిందో వివరించి, అవతలివారు చదివే కొత్త సంకేతాన్ని ఏడు గడుల్లో అయిదేసి అక్షరాల చొప్పున 35 అక్షరాలు తప్పులేకుండా రాసుకోవాలి. ఆ కాగితాలు భద్రంగా ఉంటే ఇది అరగంట పని. కార్యాలయాల్లో లైసెన్సు కొన్నవారు ఒకరు, సర్వర్ చూసేవారు ఒకరు, కాగితాలు దాచేవారు ఇంకొకరు కావడమూ, వారిలో ఎవరో ఒకరు ఉద్యోగం మారి వెళ్లిపోవడమూ మామూలే కాబట్టి ఆ అరగంట పని తరచు వారాల వెతుకులాటగా మారేది.

ఈ కష్టాన్ని గుర్తించి 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ సర్వర్ 2008 ఆర్2 వలసను సర్వర్‌లోనే ఒక లాంఛనంగా చేర్చింది. ఆ వెర్షన్‌లోనే టెర్మినల్ సర్వీసెస్ అన్న పేరు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌గా మారింది. టెర్మినల్ సర్వర్ రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ అయింది, క్యాల్ ఆర్‌డీఎస్ క్యాల్ అయింది. లైసెన్సింగ్ మేనేజర్‌లో చేర్చిన కొత్త విజార్డ్, అంటే ప్రశ్న తరువాత ప్రశ్న అడుగుతూ పని పూర్తిచేయించే తెరల వరుస, రెండు పనులు చేస్తుంది: వేరే లైసెన్సు సర్వర్ మీది క్యాల్‌లను ఇక్కడికి తరలించడం ఒకటి, చెడిపోయిన చిట్టాను మళ్లీ మొదటి నుంచి రాసుకోవడం రెండోది. తరలింపుకు కారణం కూడా అడుగుతుంది. పాత సర్వర్ స్థానంలో కొత్తది వస్తోందా, లేక పాతది పనిచేయడమే మానేసిందా? రెండో సందర్భంలో పాత సర్వర్ ఏ వెర్షన్‌దో, దాని గుర్తింపు సంఖ్య ఏమిటో తెలపాలి. పాతది ఎప్పుడైనా మళ్లీ లేస్తే దానిలోని క్యాల్‌లను స్వయంగా తొలగిస్తానన్న హామీకి ఒప్పుకోలు గుర్తు పెట్టాలి. ఇంటర్నెట్ ఉంటే క్లియరింగ్‌హౌస్‌తో నేరుగా, లేకపోతే బ్రౌజర్ ద్వారానో ఫోన్ ద్వారానో ఇది జరుగుతుంది. ఆ ఒప్పుకోలు గడి ఎంత చిన్నదైనా చరిత్రలో దానికి విలువ ఉంది. చిట్టా యంత్రానికి అప్పగించిన తొమ్మిదేళ్ల తరువాత, అమ్మినవారు కొన్నవారి మాటను మళ్లీ నమ్మడానికి సిద్ధపడ్డారు. 2008 నుంచే పాడైన పరికరాల పేరిట ఇరుక్కుపోయిన క్యాల్‌లను, ఒక వెర్షన్‌కు చెందిన మొత్తంలో 20 శాతం మించకుండా, నిర్వాహకులే రద్దుచేసి వెనక్కి తీసుకొనే వీలు కూడా కలిగింది. అదే సమయంలో ఒక బాధ్యత కూడా పెరిగింది. సెషన్ హోస్ట్ తనంతట తాను లైసెన్సు సర్వర్‌ను వెతుక్కొనే పాత పద్ధతిని 2008 ఆర్2లో తీసివేసి, ఆ సర్వర్ పేరును నిర్వాహకులే స్పష్టంగా రాసిపెట్టాలన్నారు. కాబట్టి చిట్టా వలస వెళ్లాక, దాని కొత్త చిరునామాను ప్రతి సెషన్ హోస్ట్‌కూ తెలియజేయడం వలసలో విడదీయరాని భాగమైంది.

చిట్టా నమ్మకానికి అతి పెద్ద దెబ్బ లైసెన్సుల వ్యాపారంతో సంబంధమే లేని చోటు నుంచి తగిలింది. 2012 మే 28న మాస్కోలోని కాస్పర్‌స్కీ సంస్థ, బుడాపెస్ట్ సాంకేతిక, ఆర్థిక శాస్త్ర విశ్వవిద్యాలయానికి చెందిన క్రైసిస్ ప్రయోగశాల, ఇరాన్ ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా కేంద్రం ఫ్లేమ్ అనే గూఢచార సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టాయి. పశ్చిమాసియాలోని కంప్యూటర్లను ఆవరించిన ఈ సాఫ్ట్‌వేర్ సాక్షాత్తు మైక్రోసాఫ్ట్ సంతకంతో, విండోస్ అప్‌డేట్ రూపంలో వ్యాపించగలిగింది. ఆ సంతకం వచ్చింది టెర్మినల్ సర్వర్ లైసెన్సింగ్ నుంచి. లైసెన్సు సర్వర్‌ను యాక్టివేట్ చేసినప్పుడు క్లియరింగ్‌హౌస్ ఇచ్చే ధ్రువపత్రాల పరంపర మైక్రోసాఫ్ట్ మూల అధికారం వరకు వెళ్తుంది. టోకెన్ల జారీకి మాత్రమే పరిమితం కావలసిన ఆ ధ్రువపత్రాలతో సాఫ్ట్‌వేర్ మీద సంతకం చేయడం కూడా సాధ్యమైంది. వాటిని ఎండీ5 అనే పద్ధతితో ముద్రించేవారు. ఎండీ5 ఏ దస్త్రాన్నైనా చిన్న గుర్తుగా కుదిస్తుంది. రెండు వేర్వేరు దస్త్రాలకు ఒకే గుర్తు వచ్చేలా చేయవచ్చని చైనా గణితవేత్త వాంగ్ షియాయున్ బృందం 2004లోనే చూపింది. విస్టా, ఆ తరువాతి విండోస్‌లు లైసెన్సు ధ్రువపత్రంతో చేసిన సంతకాన్ని ఒప్పుకోకపోవడానికి దానిలోని ఒక అదనపు పదమే కారణం. ఆ పదం పేరు హైడ్రా. 1998 నాటి మారుపేరు ధ్రువపత్రంలో కాపలాదారుగా మిగిలిపోగా, ఫ్లేమ్ రాసినవారు ఎండీ5 బలహీనతను వాడుకొని ఆ పదం లేకుండా, అదే గుర్తు వచ్చేలా మరో ధ్రువపత్రం పుట్టించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత పరిశోధన కేంద్రానికి చెందిన మార్క్ స్టీవెన్స్ దానిని పరీక్షించి, అంతవరకు ప్రచురణకు రాని కొత్త రకం దాడితో అది తయారైందని తేల్చాడు. జూన్ 3న మైక్రోసాఫ్ట్ ఆ మధ్యస్థ ధ్రువపత్రాలను రద్దుచేసి, లైసెన్సింగ్ సేవ ఇకపై సంతకానికి పనికివచ్చే ధ్రువపత్రాలు ఇవ్వకుండా మార్చింది. చిల్లర లెక్కలు రాసే గుమాస్తా చేతిలోని ముద్ర, రాజముద్ర పక్కనే ఉన్న సంగతి పన్నెండేళ్ల పాటు ఎవరూ గమనించలేదు.

వలసలు వ్యక్తిగత నిర్ణయాలుగా కాక అలల్లా జరగడానికి కారణం వెర్షన్ల గడువులు. ఇక్కడ రెండు మాటలను వేరుగా పట్టుకోవాలి. మైగ్రేషన్ అంటే కొన్న క్యాల్‌ను ఒక లైసెన్సు సర్వర్ నుంచి మరొకదానికి మార్చడం. అప్‌గ్రేడ్ అంటే ఆ క్యాల్‌కే కొత్త వెర్షన్ హక్కు సంపాదించడం. కొత్త వెర్షన్ క్యాల్‌తో పాత సెషన్ హోస్ట్‌ను వాడవచ్చు గాని, 2012 క్యాల్‌తో 2016 సెషన్ హోస్ట్‌లోకి వెళ్లడం కుదరదు. లైసెన్సు సర్వర్ కూడా తనకంటే కొత్త వెర్షన్ క్యాల్‌ను మోయలేదు. అందుకే వలసలో మొదట కదలవలసింది లైసెన్సు సర్వర్, తరువాత సెషన్ హోస్టులు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే వార్షిక రుసుము చెల్లిస్తున్నవారికి కొత్త వెర్షన్ హక్కు దానిలోనే వస్తుంది, మిగిలినవారు మళ్లీ కొనాలి. చిట్టాను క్షేమంగా తరలించి కూడా కొత్త సర్వర్‌లోకి ప్రవేశం దొరకక నివ్వెరపోయేవారు ఈ తేడాను పట్టించుకోనివారే. సర్వర్ 2003కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జులై 14న, 2008, 2008 ఆర్2లకు 2020 జనవరి 14న, 2012, 2012 ఆర్2లకు 2023 అక్టోబరు 10న ముగిసింది. ఈ తేదీల్లో రెండోది తెలుగువారు పాత సామాన్లు భోగి మంటల్లో వేసే రోజు. పది వారాల తరువాత, మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై కార్యాలయాల పని ఇళ్లకు తరలినప్పుడు, ఆ వలసను సకాలంలో పూర్తి చేసుకొన్న సంస్థలకు, మనిషికి ఒకటి చొప్పున క్యాల్ తీసుకొన్న సంస్థలకు కలిగిన ఊరట చిన్నది కాదు.

ఈ అలల్లో హైదరాబాద్‌కు నిజమైన పాత్ర ఉంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో విండోస్ సర్వర్ నిర్వహణ నేర్చుకొని, అమెరికా, యూరప్ కార్యాలయాల సర్వర్లను ఇక్కడి నుంచే చూసుకొనే ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. అవతలి దేశంలో కార్యాలయం మూసి ఉన్న వేళలోనే సర్వర్‌ను ఆపగలరు కాబట్టి, వారికి ఈ పని వారాంతాల్లో, వేళకాని వేళల్లో పడుతుంది. వారు ఆ సర్వర్ దగ్గరికి వెళ్లే దారి కూడా రిమోట్ డెస్క్‌టాపే. నిర్వాహకుల కోసం విండోస్ 2000లో విడిచిపెట్టిన, లైసెన్సు అక్కరలేని ఆ రెండు సెషన్లు లేకపోతే ఖండాంతర సర్వర్ నిర్వహణ అనే జీవనోపాధి ఇంత సులువుగా పెరిగేది కాదు. చిట్టా తాళం పడి ఉద్యోగులందరూ బయట నిలిచినప్పుడు కూడా నిర్వాహకులు లోపలికి వెళ్లి సరిచేయగలిగేది ఆ వెసులుబాటు వల్లే.

2012 తరువాత కూడా లైసెన్సు సర్వర్ పట్ల అశ్రద్ధ పోలేదని 2024 తెలియజేసింది. ఆ ఏడాది జులై 9న మైక్రోసాఫ్ట్ సరిదిద్దిన లోపాల్లో ఒకటి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ సేవలోనిది. దానిని కనిపెట్టిన చైనా పరిశోధకులు మ్యాడ్‌లైసెన్స్ అని పేరుపెట్టారు. పాస్‌వర్డు లేకుండానే దూరం నుంచి సర్వర్‌ను వశం చేసుకోగల ఈ లోపానికి పదికి 9.8 తీవ్రత వేశారు. విండోస్ 2000 సర్వర్ నుంచి అప్పటికి విడుదలే కాని సర్వర్ 2025 వరకు అది ఉన్నదని వారు వివరించారు. లైసెన్సింగ్ పాత్ర దానంతటదే సర్వర్‌లో ఉండదు, ఎవరో కోరి ఏర్పరచాలి. వలస పూర్తయినా పాత సర్వర్ మీది ఆ పాత్రను తొలగించడం మరచినచోట్ల, ఎవరికీ అక్కరలేని పాత చిట్టా కొత్త ప్రమాదానికి తలుపుగా నిలిచి ఉంటుంది.

2019 సెప్టెంబరు 30న అందుబాటులోకి వచ్చి, తరువాత అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌గా పేరు మార్చుకొన్న సేవలో, అనేకులు ఒకేసారి వాడగల విండోస్ 10 రకానికి ఆర్‌డీఎస్ క్యాల్ అవసరం లేదు. మనిషి పేరిట నెలనెలా చెల్లించే చందాలోనే హక్కు ఉంటుంది, దాని లెక్క మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంటుంది. కొన్నవారి కార్యాలయంలో కరణం పదవి అక్కడ రద్దయింది, కచేరీ ఒక్కటే మిగిలింది. అదే సేవలో విండోస్ సర్వర్‌ను సెషన్ హోస్ట్‌గా నడిపేవారికి మాత్రం ఆర్‌డీఎస్ లైసెన్సులూ వాటిని కాచే లైసెన్సు సర్వరూ ఈనాటికీ కావాలి. సర్వర్ 2016 మద్దతుకు గడువు 2027 జనవరి 12. ఆ సర్వర్ల మీద చిట్టా నిలుపుకొన్న కార్యాలయాల్లో, పాత యంత్రాన్ని ఆపే ముందు లైసెన్సింగ్ మేనేజర్ తెరిచి సర్వర్ గుర్తింపు సంఖ్యనూ ఒప్పందపు సంఖ్యనూ కాగితం మీద రాసిపెట్టుకొనే పని ఎవరో ఒకరికి అప్పగించవలసే ఉంది.